రేపే ప్రైమరీ: ఈ రాత్రి టెన్షన్‌ను పనిలో పెట్టడం ఎలా

సోమవారం సాయంత్రం ఆరు దాటింది. రేపు ప్రైమరీ, అంటే నవంబరు ఎన్నికల్లో ఎవరు తలపడాలో తేల్చే ముందస్తు ఎన్నిక. ఫోన్‌లో అప్పటికే ఏడెనిమిది మెసేజ్‌లు. సగం ఒక అభ్యర్థి తరఫున, సగం ఇంకొకరి తరఫున. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో సర్వే ఫోటో పెట్టారు, ఇద్దరి మధ్య తేడా ఒక్క శాతం. వంటింట్లో ఫ్రిజ్ పక్కన బ్యాలెట్ కవరు మూడు వారాలుగా అలాగే ఉంది. అన్నం సహించడం లేదు. టీవీ పెడితే మనసు ఇంకా పాడవుతోంది.

మీరు ఇలాగే ఉంటే ఈ రాత్రి, రేపు, ఆ తర్వాత కొన్ని రోజులు ఏం చేయాలో వరసగా చెబుతాను. మేం కాలిఫోర్నియాలో బే ఏరియాలో ఉంటాం. అందుకే నేను చెప్పే నియమాలు ఎక్కువగా ఇక్కడివి. డాలస్‌లోనో, న్యూయార్క్‌లోనో ఉన్నవాళ్ళకు ఎక్కడ తేడా వస్తుందో మధ్యలో చెబుతాను.

ముందు ఒక మాట. ఈ టెన్షన్ మీ బలహీనత కాదు. నవంబరు ఎన్నికల్లో ఎటు వేయాలో మనలో చాలామందికి ముందే తెలిసి ఉంటుంది. ప్రైమరీలో అలా కాదు. గట్టి పోటీ తరచుగా ఒకే పార్టీవాళ్ళ మధ్యే, రెండు వైపులా మనవాళ్ళే. నిన్నటిదాకా ఒకే మీటింగులో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు ఇవాళ చెరో అభ్యర్థి జెండా పట్టుకుంటారు. పార్టీ పేరు చూసి గుడ్డిగా వేసే దారి ఉండదు కాబట్టి చాలామంది చివరి రోజు దాకా తేల్చుకోరు. పైగా ఓటేసేవాళ్ళు తక్కువ. 2024 మార్చి ప్రైమరీలో కాలిఫోర్నియా ఓటర్లలో ఓటేసింది మూడో వంతుకు కాస్త పైన మాత్రమే. తక్కువమంది వేసే చోట ఒక్కో ఓటూ బరువెక్కుతుంది. మీ కడుపులో తిప్పుతున్నది ఆ బరువే.

2024లో బే ఏరియాలో జరిగిన సంగతి ముందు గుర్తుచేసుకోండి

అప్పుడు జరిగింది తెలిస్తే మిగతా పనులు ఎందుకు చేయమంటున్నానో అర్థమవుతుంది.

పాలో ఆల్టో, మౌంటెన్ వ్యూ, శాన్ హోసేలో కొంత భాగం, అటు పసిఫిక్ తీరం దాకా ఉన్న 16వ కాంగ్రెస్ నియోజకవర్గం. తెలుగు ఇళ్ళు బాగా ఉన్న ప్రాంతం. అక్కడి నుంచి 1993 నుంచీ కాంగ్రెస్‌లో ఉన్న ఆనా ఎషూ ఇక పోటీ చేయనన్నారు. ఖాళీ అయిన ఆ సీటుకు 2024 మార్చి 5న జరిగిన ప్రైమరీలో 11 మంది నిలబడ్డారు. కాలిఫోర్నియాలో 2012 నుంచి టాప్ టూ పద్ధతి నడుస్తోంది. కాంగ్రెస్, రాష్ట్ర పదవులకు పోటీ చేసేవాళ్ళందరూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు. పార్టీతో పనిలేదు, మొదటి ఇద్దరు నవంబరుకు వెళతారు. అంటే ఇక్కడ గెలుపు ఎంత ముఖ్యమో రెండో స్థానం కూడా అంతే ముఖ్యం.

మొదటి స్థానం శాన్ హోసే మాజీ మేయర్ సామ్ లికార్డోకు వచ్చింది. రెండో స్థానం కోసం రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడు ఇవాన్ లో, కౌంటీ (మన జిల్లా లాంటిది) సూపర్‌వైజర్ జో సిమిటియన్ పోటీపడ్డారు. లెక్క వారాల తరబడి సాగింది. ఒకరోజు ఒకరు కొన్ని ఓట్ల ముందు, మర్నాడు ఇంకొకరు. చివరికి ఏప్రిల్ మొదట్లో లెక్క ముగిసేసరికి లో ఓట్లు 30,249. సిమిటియన్ ఓట్లు 30,249.

సరిసమానం. లక్షన్నర దాటి ఓట్లు పోలైన చోట ఇద్దరికీ ఒకే అంకె. చట్టం ప్రకారం ముగ్గురూ నవంబరుకు వెళ్ళాల్సి వచ్చింది. తర్వాత రీకౌంట్, అంటే మళ్ళీ లెక్కింపు జరిగింది. మే 1 నాటికి లో 5 ఓట్లు ముందుకొచ్చారు, సిమిటియన్ పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. నవంబరులో లికార్డో గెలిచారు.

ఐదు ఓట్లు. ఒక ఇంట్లో భార్యాభర్తలు, కాలేజీ పిల్లాడు, నాన్నమ్మ, తాతయ్య. ఆ ఇంట్లో కవరు మీద సంతకం మరిచిపోయి ఉంటే చాలు. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు 25 ఓట్లతో గెలిచినప్పుడు మన ఇళ్ళలో ఎంత మాట్లాడుకున్నామో గుర్తుందా? ఇది అందులో ఐదో వంతు.

పని 1: కవరు బయటికి తీయండి

అన్నం తినకముందే చేయండి. కాలిఫోర్నియాలో నమోదైన ప్రతి ఓటరుకూ బ్యాలెట్ ఇంటికే వస్తుంది. మీ ఇంట్లో ఎంతమంది ఓటర్లున్నారో అన్ని కవర్లూ బల్ల మీద పెట్టండి. ఒకటి కనబడకపోయినా కంగారు పడొద్దు. రేపు ఓటు కేంద్రానికి వెళితే కొత్త బ్యాలెట్ ఇస్తారు. నింపేటప్పుడు తప్పు పడినా అంతే. ఆ బ్యాలెట్ పట్టుకెళ్ళి ఇచ్చేసి ఇంకొకటి తీసుకోవచ్చు.

నీలం లేదా నల్ల ఇంకు పెన్నుతో గడి నిండా దిద్దండి. టాప్ టూ అనే పేరు విని ఇద్దరికి వేయాలేమో అని కొందరు పొరబడతారు. ఒక పదవికి ఒక్కరికే వేయాలి. ఇద్దరిని దిద్దితే ఆ పదవికి మీ ఓటు చెల్లదు. బ్యాలెట్ వెనక పేజీ కూడా తిప్పి చూడండి. జడ్జీలు, స్కూల్ బోర్డులు, ప్రతిపాదనలు తరచుగా అక్కడ ఉంటాయి. తెలియని దాన్ని ఖాళీగా వదిలేయవచ్చు, మిగతా ఓట్లకు ఏమీ కాదు. కానీ వదిలేయడానికి ముందు ఒక నిమిషం చదవండి. 2024 మార్చి బ్యాలెట్ మీదే మానసిక ఆరోగ్య సేవలకు, ఇళ్ళు లేనివాళ్ళకు సంబంధించిన ప్రపోజిషన్ 1 అనే ప్రతిపాదన ఉండేది. అది రాష్ట్రమంతటా 50.2 శాతంతో గట్టెక్కింది. దాని సంగతి తేలడానికి రెండు వారాలు పట్టింది.

ఇప్పుడు సంతకం. ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. కవరు మీద మీరు చేసే సంతకాన్ని మీ రిజిస్ట్రేషన్‌లోనో, డ్రైవింగ్ లైసెన్సులోనో ఉన్న సంతకంతో పోల్చి చూస్తారు. మన ఇళ్ళలో జరిగే తప్పులు నాకు బాగా తెలుసు. ఒకటి, భార్య కవరు మీద భర్త, భర్త కవరు మీద భార్య సంతకం చేయడం. కవర్లన్నీ ఒకేలా ఉంటాయి, కబుర్లలో పడి మారిపోతాయి. రెండు, పిల్లాడు కాలేజీలో ఉన్నాడని వాడి తరఫున నాన్న సంతకం పెట్టేయడం. ఇది పొరపాటు కాదు, నేరం. దయచేసి చేయకండి. మూడోది మా అత్తయ్య చేసింది. ఆవిడ జీవితమంతా తెలుగులోనే సంతకం పెట్టారు, లైసెన్సు మీద కూడా అదే. సిటిజన్‌షిప్ వచ్చాక మొదటి ఓటు కదా అని, మురిపెంగా, కూడబలుక్కుని ఇంగ్లీషులో పెట్టారు. వారం తర్వాత ఎన్నికల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, సంతకం కలవడం లేదని. మళ్ళీ తెలుగులో సంతకం పెట్టి పంపితే ఓటు లెక్కలోకి వచ్చింది. ఆ వారమంతా ఆవిడ పడిన బాధ చూశాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళను ముందే అడగండి, లైసెన్సు మీద ఏ సంతకం ఉందో అదే పెట్టమనండి.

సంతకం, తేదీ అయ్యాక కవరు అంటించండి. ఇక దాన్ని కారు తాళాల పక్కన పెట్టండి. ఫ్రిజ్ పక్కన కాదు.

పని 2: ఎవరు వేయవచ్చో ఇంట్లో ఒకసారి తేల్చుకోండి

మన ఇళ్ళలో ఒకరు సిటిజన్, ఒకరు గ్రీన్ కార్డు, ఒకరు హెచ్ వన్ బీ ఉండటం మామూలే. కాంగ్రెస్, రాష్ట్ర పదవుల ప్రైమరీలో సిటిజన్లు మాత్రమే ఓటేయాలి. డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ఏదో ఫారంలో టిక్కు పడి గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళ పేరున బ్యాలెట్ వచ్చినా సరే, ముట్టుకోకండి. వేస్తే దేశం నుంచి పంపేసే దాకా పోవచ్చు. కౌంటీ ఎన్నికల ఆఫీసుకు చెప్పి పేరు తీయించుకోండి, ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు దాచుకోండి.

సిటిజన్ అయ్యారు కానీ రిజిస్టర్ చేసుకోలేదా? కాలిఫోర్నియాలో ఎన్నికల రోజు రాత్రి 8 వరకూ ఓటు కేంద్రంలోనే రిజిస్టర్ అయి ఓటేయవచ్చు. వివరాలు సరిచూశాక ఆ ఓటు లెక్కపెడతారు. మొన్ననే ప్రమాణం చేసి వచ్చిన స్నేహితులుంటే ఈ రాత్రే వాళ్ళకు ఫోన్ చేయండి. గ్రూపులో వచ్చిన సర్వే ఫార్వర్డ్ చేయడం కన్నా ఈ ఒక్క ఫోన్ విలువైనది.

వేరే రాష్ట్రాల వాళ్ళకు ఇక్కడే పెద్ద తేడా. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా లాంటి చోట్ల పార్టీ పేరుతో ముందే నమోదై ఉంటేనే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు. చివరి రాత్రి చేయగలిగింది ఏమీ లేదు. టెక్సస్‌లో పార్టీ నమోదు లేదు, కేంద్రానికి వెళ్ళి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్పాలి, ఫోటో గుర్తింపు కార్డు చూపాలి. అక్కడ ఎవరికీ సగం దాటకపోతే రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ పోటీ ఉంటుంది. రనాఫ్‌కు ఇంకా తక్కువమంది వస్తారు. 2022లో టెక్సస్ 28వ నియోజకవర్గం డెమొక్రాటిక్ రనాఫ్‌లో హెన్రీ క్వెయార్ రీకౌంట్ తర్వాత 289 ఓట్లతో బయటపడ్డారు.

పని 3: ఇంకా తేల్చుకోలేదా? గంటన్నర చాలు

చివరి రాత్రి దాకా తేల్చుకోలేకపోవడం నిర్లక్ష్యం కాదు. ఇద్దరూ యోగ్యులే అనిపించినప్పుడు అలా అవుతుంది. ఒక కాగితం తీసుకోండి. మీ ఇంటికి నిజంగా తగిలే విషయాలు మూడు రాయండి. అద్దె కావచ్చు, పిల్లల స్కూలు కావచ్చు, అమ్మానాన్నల వీసా, ఆసుపత్రి ఖర్చు, రైలు, ఏదైనా. తర్వాత ఇంటికి వచ్చిన ఓటరు పుస్తకంలో ఇద్దరి ప్రకటనలూ, మీ ఊరి పత్రికలో వాళ్ళ ఇంటర్వ్యూలూ చదివి ఆ మూడింటి మీద ఎవరు స్పష్టంగా మాట్లాడారో చూడండి. ఎదుటివాళ్ళను తిట్టిన కరపత్రాలు పక్కన పడేయండి. చివరి వారంలో వచ్చే కరపత్రాల్లో చాలావాటిని అభ్యర్థులు కాదు, బయటి సంఘాలు డబ్బు పెట్టి అచ్చు వేయిస్తాయి. ఎవరు డబ్బు కట్టారో అట్ట మీద సన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి.

గెలిచేవాళ్ళకే వేయాలా, నచ్చినవాళ్ళకే వేయాలా అనే ప్రశ్న వస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పోటీ హోరాహోరీగా ఉన్నప్పుడు ఎవరు గెలుస్తారో మీకూ నాకూ తెలియదు, సర్వే చేసినవాళ్ళకూ తెలియదు. తెలియని దాని మీద లెక్క వేసి నచ్చినవాళ్ళను వదులుకోవడం అనవసరం. గంటన్నర అయ్యాక గడి దిద్దండి. దిద్దాక మళ్ళీ తవ్వుకోకండి.

పని 4: సర్వేల దగ్గర ఆగండి

600 మందిని అడిగిన సర్వేలో ఒక్కో అభ్యర్థి అంకె నాలుగు శాతం అటూ ఇటూ ఉండవచ్చు. ఇద్దరి మధ్య తేడా విషయానికొస్తే ఆ తప్పు దాదాపు రెట్టింపు అవుతుంది. ఒక్క శాతం ఆధిక్యం అంటే ఏమీ తేలలేదని అర్థం. ప్రైమరీలో అది ఇంకా కష్టం, ఎవరు ఓటేయడానికి వస్తారో పట్టుకోవడమే సర్వే చేసేవాళ్ళకు సమస్య. 2008 జనవరిలో న్యూ హాంప్‌షైర్ డెమొక్రాటిక్ ప్రైమరీ ముందు రాత్రి సర్వేలు బరాక్ ఒబామాకు స్పష్టమైన ఆధిక్యం చూపాయి. మర్నాడు హిల్లరీ క్లింటన్ సుమారు మూడు శాతం తేడాతో గెలిచారు. ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నవాళ్ళదీ తప్పే, ఆశ వదులుకున్నవాళ్ళదీ తప్పే.

మన దగ్గర పోలింగ్‌కు 48 గంటల ముందు ప్రచారం ఆగిపోతుంది. మైకులు మూగబోతాయి, ఊరు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. నాకు ఆ నిశ్శబ్దం అంటే చాలా ఇష్టం. అమెరికాలో అది లేదు. మంగళవారం రాత్రి కేంద్రాలు మూసేదాకా మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. కాబట్టి ఆ నిశ్శబ్దాన్ని మీరే కల్పించుకోవాలి. కవరు అంటించిన క్షణం నుంచి ఎన్నికల గ్రూపులన్నీ మ్యూట్ చేయండి. ప్రచార నంబర్లకు ‘స్టాప్’ అని జవాబు పంపండి.

గ్రూపు విషయంలో ఇంకొకటి. ప్రైమరీ వాదనల్లో తెగిపోయిన స్నేహాలు నాకు తెలుసు. పదేళ్ళు ఒకరింటి బతుకమ్మకు ఒకరు వెళ్ళినవాళ్ళు, ఒక అభ్యర్థి గురించి రాత్రి పదకొండుకు రాసిన నాలుగు మాటలతో దూరమయ్యారు. నవంబరులో ఆ ఇద్దరూ ఒకే అభ్యర్థికి ఓటేశారు, కానీ మాటలు కలవలేదు. ముందు రాత్రి మీ వాదనతో ఎవరి ఓటూ మారదు. ఏదైనా రాయాలనిపిస్తే ఓటు కేంద్రం అడ్రసు, మూసే సమయం రాయండి.

పని 5: నిద్ర

పెరుగన్నం తినండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఇండియాలో అప్పుడు పగలు కాబట్టి అమ్మతో మాట్లాడటానికి మంచి వేళ. ఓటు సంగతి కాకుండా ఇంకేదైనా మాట్లాడండి.

మంగళవారం: ఓటు మీ చేయి దాటే రోజు

కేంద్రాలు ఉదయం 7 నుంచి రాత్రి 8 వరకు. పని వల్ల వీలు కాకపోతే ఓటేయడానికి రెండు గంటల వరకు జీతంతో సెలవు అడిగే హక్కు కాలిఫోర్నియా చట్టంలో ఉంది. అయితే రెండు పనిదినాల ముందు చెప్పాలి. మీరు ఇప్పుడు చదువుతున్నది సోమవారం రాత్రి అయితే ఆ గడువు దాటింది, కాబట్టి పొద్దున్నే వెళ్ళండి. ఏడింటికి వరసలు చిన్నవిగా ఉంటాయి. సాయంత్రం ఆరు తర్వాత పెరుగుతాయి.

నింపిన కవరు ఉంటే దాన్ని మామూలు పోస్ట్ డబ్బాలో వేయకండి. కాలిఫోర్నియాలో ఎన్నికల రోజులోపు ముద్ర పడి, ఏడు రోజుల్లోపు చేరిన బ్యాలెట్లను 2024లో లెక్కపెట్టారు. కానీ సాయంత్రం డబ్బాలో వేసిన ఉత్తరం మీద ఆ రోజు ముద్రే పడుతుందన్న నమ్మకం లేదు. కౌంటీ పెట్టిన డ్రాప్ బాక్స్‌లో గానీ, ఓటు కేంద్రంలో గానీ రాత్రి 8 లోపు వేయండి. లైబ్రరీల ముందు, సిటీ హాళ్ళ ముందు అవి ఉంటాయి. వేసే ముందు కవరు తిప్పి సంతకం ఇంకోసారి చూడండి.

కేంద్రంలో వేస్తానంటే డ్రైవింగ్ లైసెన్సు జేబులో ఉంచుకోండి. ఇక్కడ మామూలుగా గుర్తింపు కార్డు అడగరు, మొదటిసారి వేసే కొందరిని అడగవచ్చు. అభ్యర్థి పేరున్న టోపీ, టీషర్టు వేసుకెళ్ళకండి. కేంద్రానికి వంద అడుగుల లోపు ప్రచారం నిషేధం, బట్టల మీద పేరు కూడా ప్రచారమే. ఎనిమిదింటికి వరసలో ఉంటే చాలు, ఎంత పొద్దుపోయినా మిమ్మల్ని ఓటేయనివ్వాల్సిందే. “మూసేశాం, రేపు రండి” అనే హక్కు ఎవరికీ లేదు. వరస వదిలి రాకండి.

పెద్దవాళ్ళను తీసుకెళుతుంటే కాస్త సమయం ఎక్కువ పెట్టుకోండి. చదవడం కష్టమైన వాళ్ళు తమకు నచ్చిన మనిషిని సాయంగా లోపలికి తీసుకెళ్ళవచ్చు. యజమాని, యూనియన్ ప్రతినిధి మాత్రం కాకూడదు. తెలుగులో నమూనా బ్యాలెట్ ఉందా అని అక్కడ అడగడానికి మొహమాటపడకండి. ఉంటే దాన్ని చూసుకుంటూ అసలు బ్యాలెట్ నింపుకోవచ్చు. ఎవరికి వేయాలో మాత్రం మీరు చెప్పకండి. మా అత్తయ్య రెండోసారి ఓటేసినప్పుడు ఎవరికి వేశారని కారులో అడిగాను. “అది చెప్పేది కాదమ్మా” అన్నారు. డెబ్బై ఏళ్ళు దాటాక ఒక కొత్త దేశంలో తనకంటూ ఒక రహస్యం దొరికిన సంతోషం ఆ మొహంలో కనిపించింది.

ఓటేశాక ఇంకా గుబులుగా ఉందా? ఇరుగుపొరుగులో కారు లేనివాళ్ళు ఉంటే ఒక ట్రిప్పు వేయండి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి మందు లేదు.

రాత్రి 8 తర్వాత: లెక్క ఎలా నడుస్తుందో తెలుసుకుని చూడండి

మనం ఒకే రోజులో లెక్క అయిపోయే దేశంలో పెరిగాం. పొద్దున ఎనిమిదికి పోస్టల్ బ్యాలెట్లు, తర్వాత రౌండ్లు, మధ్యాహ్నానికి టపాసులు. అదే అలవాటుతో ఇక్కడ కూర్చుంటే ఆ రాత్రి నరకం.

ఇక్కడ ఎనిమిది దాటగానే వచ్చే మొదటి అంకె, వారాల ముందే పంపిన బ్యాలెట్లది. తొందరగా పంపేవాళ్ళలో వయసు పైబడినవాళ్ళు, ఇళ్ళున్నవాళ్ళు ఎక్కువ. అర్ధరాత్రి దాకా కేంద్రాల్లో వేసిన ఓట్లు కలుస్తాయి. ఆఖరి రోజు డ్రాప్ బాక్సుల్లో పడిన కవర్లు, అంటే మీరు వేసినవే, సంతకాలు చూసి తెరిచేసరికి రోజులు పడతాయి. కౌంటీలకు ఫలితం ధ్రువీకరించడానికి సుమారు నెల గడువు ఉంటుంది. కాబట్టి మొదటి అంకెలో మీ అభ్యర్థి వెనకబడితే ఓడినట్టు కాదు, ముందుంటే గెలిచినట్టూ కాదు. ఆధిక్యం మారితే మోసం జరిగిందని ఎవరైనా గ్రూపులో రాస్తారు. మారింది మోసంతో కాదు, కవర్లు తెరిచిన వరసతో.

ఆ రాత్రి చూడాల్సిన అంకె ఒక్కటే, ఇంకా ఎన్ని బ్యాలెట్లు మిగిలాయి. తేడా రెండు వేలు, మిగిలినవి లక్ష అయితే టీవీ కట్టేయండి. తేడా ముప్ఫై వేలు, మిగిలినవి పదివేలు అయితే అది తేలిపోయినట్టే. పదకొండు తర్వాత నేను చూడను. చూసినంత మాత్రాన కవరు ఒక్కటి కూడా త్వరగా తెరుచుకోదు.

ప్రకటించాక కూడా మారిన సందర్భాలున్నాయి. 2012 జనవరి 3న అయోవా రిపబ్లికన్ కాకస్‌లో (పార్టీవాళ్ళు సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) మిట్ రోమ్నీ 8 ఓట్లతో గెలిచారన్నారు. రెండు వారాల తర్వాత ధ్రువీకరించిన లెక్కలో రిక్ శాంటోరమ్ 34 ఓట్లు ముందున్నారు. 2022 మేలో పెన్సిల్వేనియా రిపబ్లికన్ సెనేట్ ప్రైమరీలో మెహ్మెత్ ఓజ్, డేవిడ్ మెకార్మిక్ మధ్య తేడా వెయ్యి లోపే. చట్టం ప్రకారం రీకౌంట్ దానంతటదే మొదలైంది, రెండున్నర వారాలకు మెకార్మిక్ ఓటమి ఒప్పుకున్నారు.

హైదరాబాద్‌లో పుట్టిన ఇద్దరి కథలు కూడా చెప్పాలి. 2022 జులైలో మేరీల్యాండ్ డెమొక్రాటిక్ ప్రైమరీలో గవర్నర్ పదవికి నిలబడిన వెస్ మూర్‌తో కలిసి లెఫ్టినెంట్ గవర్నర్‌గా (గవర్నర్ తర్వాతి పదవి) పోటీ చేసిన అరుణా మిల్లర్ మూడు రోజులు ఆగాల్సి వచ్చింది. పోస్టల్ ఓట్లు ఎన్నికల రోజున తెరవకూడదని అప్పటి నియమం. 2025 జూన్ 17న వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ డెమొక్రాటిక్ ప్రైమరీలో గజాలా హాష్మీతో సహా మొదటి ముగ్గురూ 26, 28 శాతాల మధ్యే ఉన్నారు. ఆ ముగ్గురిలో ఆవిడే గట్టెక్కారు, నవంబరులోనూ గెలిచారు. ఆ రాత్రి అక్కడి మన వాళ్ళ ఇళ్ళలో ఎంత ఉత్కంఠగా ఉండి ఉంటుందో ఊహించగలను.

తర్వాతి రోజులు

బుధవారం పొద్దున పనికి వెళ్ళండి. కాలిఫోర్నియాలో ‘వేర్ ఈజ్ మై బ్యాలెట్’ అనే ప్రభుత్వ సేవలో పేరు ఇస్తే, బ్యాలెట్ చేరిందనీ, లెక్కపెట్టారనీ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఇంట్లో ఓటర్లందరినీ అందులో చేర్చండి, ముఖ్యంగా పెద్దవాళ్ళను.

సంతకం కలవలేదని ఉత్తరం గానీ, ఫోన్ గానీ వస్తే అదే రోజు జవాబివ్వండి. సరిదిద్దుకోవడానికి కొంత గడువు ఉంటుంది, కానీ ఆగవద్దు. తేడా తక్కువగా ఉన్న పోటీల్లో రెండు పక్షాల వాలంటీర్లూ సంతకం లేని ఓటర్ల ఇళ్ళకు తిరుగుతారు. తలుపు తట్టింది మీకు నచ్చని అభ్యర్థి మనిషైనా ఫారం గురించి చెబితే వినండి. అయితే సంతకం చేసిన ఫారం వాళ్ళ చేతికి ఇవ్వకుండా మీరే ఎన్నికల ఆఫీసుకు పంపడం మేలు.

ఆ రెండు మూడు వారాల్లో మీ అభ్యర్థి ఓడినట్టు తేలితే బాధపడండి, తప్పులేదు. నేను ఒక ప్రైమరీ తర్వాత రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు, గెలిచిన వైపు ఉన్న స్నేహితురాలు తలుపు కొట్టింది. చేతిలో గోంగూర పచ్చడి సీసా. ఎన్నికల ఊసెత్తలేదు. లోపలికి వచ్చి, మా అత్తయ్య ఓటు లెక్కలోకి వచ్చిందా అని మాత్రం అడిగింది. ఫోన్ తీసి మెసేజ్ చూపించాను. వచ్చింది.